అన్నిటికీ పైన

"రెండూ ఎడమకాలివే వచ్చాయండీ," అంటున్నాడు ఫోన్లో పెద్దమనిషి. "కుడికాలికి ఏం తొడుక్కోమంటారు? మీరే చెప్పండి."

"క్షమించండి సార్. పార్శిల్ నంబరు ఒక్కసారి చదువుతారా?"

ఆయన చదువుతున్నాడు, ఆమె కొడుతోంది. ఫిర్యాదు పేజీ తెరిచేసరికి అది స్క్రీనంతా పరుచుకుంది. దాని మీద పార్శిల్ ఎక్కడుందో చూపించే పేజీ తెరవాలి. దాని మీద జవాబు రాసే పేజీ. ఉతికి మడతపెట్టిన బట్టల్లా ఒకదాని మీద ఒకటి. ఆ దొంతర అడుగున ఎక్కడో ఆమె కూతురుంది.

ఉందని అనుకోవడమే, కనిపిస్తేగా. కాల్ మొదలైతే ఇంటి కెమెరాలోని కూతురు కిందికి పోతుంది, కాల్ అయిపోతే పైకి వస్తుంది. ఈలోపు ఏమైనా జరగొచ్చు. ఫిట్స్ వచ్చే పిల్ల. మంచం అంచు తలకి తగలొచ్చు. పొయ్యి మీద పాలు పెట్టి ఉండొచ్చు. మెట్లు దిగుతూ ఉండొచ్చు. ఎందుకు దిగుతుంది, దిగొద్దని చెప్పాగా అని తనకి తనే సర్దిచెప్పుకుంటూ, "కుడికాలిది పంపిస్తాం సార్," అంది.

"చూసి పంపండి. అదీ ఎడమదే వచ్చిందంటే మూడుకాళ్ళవాణ్ణి వెతుక్కోవాలి," అని ఆయన పెట్టేశాడు.

పక్క సీటావిడ కుర్చీని చక్రాల మీద ఇటు లాక్కొచ్చింది. ఆవిడని ఆఫీసంతా రేడియో అంటారు, కాల్స్ లేనప్పుడు కూడా నోరు ఆగదు కాబట్టి.

"ఏంటొదినా, ఆ మౌస్‌ని పిండి రుబ్బినట్టు తిప్పేస్తున్నావ్?"

"అమ్మడు కనిపించట్లేదు. ఎక్కడో అడుగున పడిపోయింది."

"అడుగున పడ్డమేంటి, మేకు కొట్టి పైన తగిలించు. ఇటివ్వు." రేడియో కెమెరా బొమ్మ ఉన్న చిన్న బాక్సుని అడుగు నించి పైకి లాగి, దాని నెత్తి మీద కుడి బటన్ నొక్కింది. ఒక పట్టీ కిందికి దిగింది. "ఇదిగో, ఆల్వేస్ ఆన్ టాప్. టిక్కు పెట్టా. ఇంక నువ్వెన్ని పేజీలు తెరువు, ఇది అన్నిటికీ పైనే ఉంటుంది. చచ్చినా కిందికి పోదు."

"ఆ మాట అనకు."

"సరేలే, బతికినా పోదు. చాలా?"

నిజంగానే పోలేదు. ఆమె ఫిర్యాదు పేజీ తెరిచి చూసింది, మూసి చూసింది, మళ్ళీ తెరిచింది. అమ్మడు అక్కడే ఉంది. అగ్గిపెట్టెంత బాక్సులో ఇంటి ముందుగది, బీరువా మీద పెట్టిన కెమెరా ఎలా చూస్తే అలా, అంతా పైనించి కిందికి. పిల్ల పాపిడి, ముందు పుస్తకం, పక్కన వెల్లుల్లి గిన్నె. చదువుతూ ఒలుస్తోంది, ఒలుస్తూ చదువుతోంది. ఆమె ఆ బాక్సుని కింద కుడివైపు మూలకి లాగింది. ఆ మూల ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది కదా అనుకుంది.

పిల్ల తల పైకెత్తి, క్లాసులో పిల్లలెత్తినట్టు చెయ్యెత్తింది. బాత్రూంకి వెళ్తున్నానని అర్థం. ఆమె పెట్టిన పద్ధతే అది. కనిపించకుండా పోతే ఆమెకి ఇక్కడ కాళ్ళూ చేతులూ ఆడవు. ఫోన్ చేద్దామంటే ఫోన్లన్నీ తలుపు దగ్గర అరల్లో పెట్టి రావాలి.

"వెళ్ళిరా తల్లీ," అంది, వినపడదని తెలిసీ.

* * *

ఆ మూల ఖాళీ కాదని మర్నాడు తెలిసింది. పైవాళ్ళు పంపే మాటలన్నీ అక్కడే ఒక్క క్షణం మెరిసి పోతాయట. టీమ్ మేడమ్ పొద్దున్నించీ వరసగా పంపింది. అన్నీ అమ్మడి కిందికి పోయాయి.

మేడమ్ గది అద్దాల గది. ఆవిడ స్క్రీన్ మీద అందరి స్క్రీన్లూ చిన్న చిన్న గళ్ళలో కనిపిస్తాయి. రెప్ప వెయ్యదని వెనక గుడ్లగూబ అంటారు. ఎదుట మాత్రం ఎవరూ ఆ వైపు చూడను కూడా చూడరు.

"కూర్చోండి. మీ స్క్రీన్ మీద ఎవరో అమ్మాయి కూర్చుని ఉంది."

"మా అమ్మాయే మేడమ్. తీసేస్తాను. ఇప్పుడే తీసేస్తాను."

"పోయిన నెల మీరు కాల్ మధ్యలో హెడ్‌సెట్ పడేసి వెళ్ళిపోయారు. ఆ కస్టమర్ లైన్లో హలో హలో అంటూనే ఉన్నాడు. అదంతా రికార్డయింది. పైవాళ్ళు వింటే నేనే సర్దిచెప్పాను."

"ఆ రోజు పిల్లకి ఫిట్స్ వచ్చాయి మేడమ్. కళ్ళారా చూసి ఎలా కూర్చోను?"

"మీరు వెళ్ళేసరికి ఎలా ఉంది?"

ఆమె తల వంచుకుంది. "లేచి మొహం కడుక్కుంటోంది."

"మరి." మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళజోడు లేకపోతే ఆ మొహం అలిసిపోయిన మామూలు ఆడమనిషి మొహం. "నాకూ పిల్లలున్నారండీ. తీసేయమని నేననను. ఆ మూల కాకుండా ఇంకెక్కడైనా పెట్టుకోండి. చూసుకోండి. కానీ లేవకూడదు. ఇంకోసారి కాల్ మధ్యలో లేచారంటే నా చేతుల్లో ఏం ఉండదు."

ఆమె రెండు చేతులూ జోడించింది. "మీ మేలు మర్చిపోను మేడమ్." నిజంగానే అంది. తీసేయమంటుందనే అనుకుని వచ్చింది మరి.

బయటికి రాగానే రేడియో చెవిలో ఊదింది. "ఏమంది గుడ్లగూబ?"

"పెట్టుకోమంది. మంచిమనిషి. లేవకూడదంది, అంతే."

"అంతేనా? చూడొచ్చు, లేవకూడదా? ఇల్లు కాలుతుంటే టీవీలో చూపించి, చూస్తూ కూర్చో అన్నట్టుంది. దానికి దణ్ణం కూడా పెట్టొచ్చావా?"

"నీకేం, అంటావు. అసలే చూడొద్దంటే ఏం చేసేదాన్ని?"

బాక్సుని ఎడమ పైమూలకి జరిపింది. అక్కడ పార్శిల్ నంబరు చివరి అంకెలు కప్పేస్తోంది. మధ్యకి జరిపితే కస్టమర్ పేరు కనిపించదు. రోజంతా కూతుర్ని అటు ఇటు తోస్తూ, సందు దొరికిన చోట కూర్చోబెడుతూ పని చేసింది. ఆ రోజు అమ్మడు చాలాసార్లే చెయ్యెత్తింది. ఒకసారి వెళ్ళింది, ఎంతకీ రాలేదు. వచ్చేసరికి బట్టలు మారాయి, జుట్టు తడిగా ఉంది.

"స్నానం చేసినట్టుంది," అంది ఆమె, గుండెల మీద చెయ్యి తీస్తూ.

"ఎండలు అలా ఉన్నాయి. నేనైతే నీళ్ళలోంచి లేవను," అంది రేడియో.

బాక్సులో పిల్ల గోడ పట్టుకుని నడిచొచ్చి మంచం మీద మెల్లిగా కూర్చుంది. నేల తడిగా ఉందేమో, జారకుండా నడుస్తోంది, బుద్ధిమంతురాలు, అనుకుంది ఆమె.

* * *

సాయంత్రం ఇంటికెళ్తే భర్త ఉన్నాడు. దూరపు రూటు బస్సు నడుపుతాడు, ఇంట్లో ఉన్న రోజు నిద్రపోవడానికే సరిపోతుంది. ఆ నిద్ర లేచి, బాత్రూం తలుపు అటూ ఇటూ ఊపి చూస్తున్నాడు.

"దీని గడియ ఎవరు ఊడదీశారు?"

"నేనే నాన్నా," అంది అమ్మడు పుస్తకంలోంచి తల ఎత్తకుండా. "బిగుసుకుపోతోంది."

"నాకు చెప్తే నూనె వేసేవాణ్ణిగా. స్క్రూలేవి?"

"డబ్బాలో వేశా. ఇప్పుడొద్దులే, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దువు."

ఆమె ఈ మాటలు విన్నది, విని వదిలేసింది. భయపడాల్సినవి ఆమె దగ్గర చాలా ఉన్నాయి. గ్యాసు, కత్తిపీట, కిటికీ దగ్గర వేలాడే కరెంటు తీగ, నీళ్ళ తొట్టి, ఒంటరి ఆడపిల్ల అని తెలిసి తలుపు కొట్టేవాళ్ళు. బాత్రూం గడియ ఆ వరసలో లేదు.

"ఇవాళ చాలాసార్లు వెళ్ళావు. కడుపు బాలేదా?"

"హా. కొంచెం."

"చెప్పవేం మరి?" వెంటనే అన్నం మెత్తగా వండి, మజ్జిగ పలచగా కలిపి ఇచ్చింది. అమ్మడు చాలాసేపు చల్లార్చుకుని, నోట్లో ఒక పక్కనే పెట్టుకుని తింది. తింటుండగా ఆమె ఆఫీసు సంగతి చెప్పింది. మేడమ్ ఎంత మంచిదో చెప్పింది.

"లేస్తే?" అంది అమ్మడు.

"లేస్తే ఉద్యోగం ఊడుతుంది. అయినా నేనెందుకు లేస్తాను?"

"లేస్తావమ్మా. నాకు తెలుసుగా."

"మీ అమ్మ కుక్కర్ కూత పెడితేనే లేచి నించుంటుంది," అన్నాడు ఆయన. ముగ్గురూ నవ్వారు. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈ మధ్య అలాగే నవ్వుతోంది.

* * *

మర్నాడు తెల్లవారకముందే ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆమె స్నానానికి నీళ్ళు పట్టుకుంటూ చూసింది. కొళాయికి పాత తువ్వాలు చుట్టి ఉంది. కారుతుంటే కట్టే కట్టు కాదు. కొళాయి మూతి వదిలేసి, పైన పిడికీ, ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప మొనకీ మందంగా చుట్టి, దారంతో బిగించి ఉంది. చిన్నపిల్లలున్న ఇంట్లో బల్ల అంచుకి చుట్టినట్టు.

ఆమె బిందె పక్కన పెట్టింది. బకెట్లు ఎప్పుడూ ఉండే మూల లేవు. గుమ్మం బయట ఒకదానిలో ఒకటి పెట్టి ఉన్నాయి. తలుపు వెనక, గోడకి ఆనించి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన దిండు. రేగిపోయిందని మూలన పడేసిన పాత దిండే. కవర్ మీద నీటిచుక్కలు.

గడియ లేని తలుపు గాలికి దానంతటదే మెల్లిగా తెరుచుకుంది. ఎదురుగా ముందుగదిలో మంచం మీద పిల్ల నిద్రపోతోంది. మోచేయి దుప్పటి బయటికి వచ్చి ఉంది. దాని మీద పసుపూ ఊదా కలిసిన మచ్చ.

ఆమె వెళ్ళి మంచం అంచున కూర్చుంది. పిల్ల కళ్ళు తెరిచింది.

"నాలుక చూపించు."

"ఏంటమ్మా పొద్దున్నే..."

"చూపించు."

అమ్మడు చూపించింది. ఒక పక్క అంచంతా నల్లగా కమిలి ఉంది.

"ఎన్నాళ్ళ నించి?"

పిల్ల లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంది. "నువ్వు ఆఫీసులోంచి పరిగెత్తుకొచ్చావు చూడు, ఆ తర్వాత నించి. ముందు ఏదో మాడుతున్న వాసన వస్తుందమ్మా. అది రాగానే చెయ్యెత్తి లోపలికి పోతా, ఒక్కోసారి ఏం కాకుండానే వాసన పోతుంది. నువ్వు బాత్రూం అనుకుంటావ్."

"అది గచ్చే..."

"దిండు ఉందిగా. కొళాయికి గుడ్డ కట్టా. మొదటిసారి అదే తగిలింది. గడియ తీసేశా, ఏదైనా అయితే తలుపు పగలగొట్టక్కర్లేదని. బకెట్లో నీళ్ళుంటే ప్రమాదమని బయట పెట్టా. రోజూ నువ్వొచ్చేలోపు అన్నీ తీసేస్తా, నిన్న నాన్న ఉన్నాడని కుదర్లేదు. అన్నీ చూసుకునే చేస్తున్నా." ఇల్లంతా సర్దిపెట్టి తల్లికి చూపించుకునే పిల్లలా చెప్పింది.

"మంచం మీదే పడుకోవచ్చుగా. మెత్తటి పరుపు, నేను చూస్తుంటాను..."

"అందుకే. నువ్వు చూస్తే లేచొస్తావ్. నువ్వొచ్చేసరికి నాకెలాగూ తగ్గిపోతుంది. ఈలోపు నీ ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే కంపెనీ కార్డు పోతుంది. మాత్రలొచ్చేది ఆ కార్డు మీదేగా. మాత్రలు లేకపోతే అప్పుడప్పుడు వచ్చేవి రోజూ వస్తాయి. నువ్వే చెప్పు, ఏది నయం?"

ఆమె లేచి బాత్రూంలోకి వెళ్ళింది. కొళాయి ముందు కూచుని ఆ దారం ముడి విప్పబోయింది. చాలా పనితనంగా వేసిన ముడి. విప్పుతూ విప్పుతూ ఆగింది. మళ్ళీ చుట్టి, ఇంకా గట్టిగా లాగి, పైన ఇంకో ముడి వేసింది. తల తిప్పకుండా అంది, "ఇవాళ నేను వెళ్ళను."

"సెలవులున్నాయా?"

లేవు. ఉన్నవన్నీ ఆసుపత్రి బెంచీల మీదే అయిపోయాయి. ఆ సంగతి పిల్లకీ తెలుసు, అందుకే అడిగింది.

ఆమె మంచం మీది పరుపు లాగి బీరువా ఎదురుగా నేల మీద పరిచింది. కెమెరా కిందికి సరిగ్గా వచ్చేలా కాలితో తోసి జరిపింది. బల్లని అటు గోడకి ఈడ్చింది.

"ఇంక లోపలికి పోవద్దు. వాసన రాగానే ఇక్కడ పడుకో. పక్కకి తిరిగి పడుకో."

"నువ్వు లేస్తావ్."

"లేవను."

"లేస్తావమ్మా."

"లేవనని చెప్తున్నాగా!"

అమ్మడు ఆమె మొహంలోకి చూసింది. "ఒక్కసారి లేచావంటే నేను మళ్ళీ లోపలికే పోతా. ఈసారి నీకు దొరక్కుండా పోతా."

"సరే," అంది ఆమె. 

* * *

ఆ రోజు ఆఫీసులో కూర్చున్నంతసేపూ ఏం కాలేదు. ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం, అన్నాల వేళ దాటాక, ఒక పెద్దావిడ కాల్ వచ్చింది. కర్టెన్ల సంగతి.

"నీలం పంపమంటే బూడిదరంగు పంపారమ్మా. గదంతా మబ్బు పట్టినట్టుంది."

"క్షమించండమ్మా. పార్శిల్ నంబరు చెప్తారా?"

"ఉండు, కళ్ళజోడు పెట్టుకోనీ."

ఆమె జవాబు పేజీ తెరిచింది. దాని మీద, అన్నిటి మీదా, బాక్సులో అమ్మడు వెల్లుల్లి గిన్నె పక్కకి జరిపింది. తల ఎత్తింది. గాలిని వాసన చూస్తున్నట్టు ముక్కు పైకి పెట్టింది. ఒక్కసారి బాత్రూం తలుపు వైపు చూసింది. మళ్ళీ కెమెరా వైపు చూసింది. తర్వాత మాట ఇచ్చిన పని చేసేదానిలా మెల్లిగా పరుపు మీదికి జరిగి, పక్కకి తిరిగి పడుకుంది.

"చదవనా అమ్మా?" అంది పెద్దావిడ.

"చదవండి."

ఆమె కాళ్ళు రెండూ కుర్చీ కాళ్ళకి మెలేసుకుంది. పెద్దావిడ ఒక్కో అంకె చదువుతోంది. ఆమె ఒక్కో అంకె కొడుతోంది. బాక్సులో పిల్ల చెయ్యి బిగుసుకుంది. తర్వాత భుజం. తర్వాత అంతా. అగ్గిపెట్టెంత చోటులో మనిషి కొట్టుకుంటే అది మనిషిలా ఉండదు, గాజుకి తగిలిన పురుగులా ఉంటుంది. శబ్దం లేదు. హెడ్‌సెట్‌లో ఉన్నదంతా పెద్దావిడ గొంతే.

"తొమ్మిది చెప్పానా?"

"చెప్పారమ్మా. కొట్టాను."

రేడియో ఇటు చూసింది.  తన హెడ్‌సెట్ ఒక చెవి మీంచి తీసి, బల్ల కింద నించి చెయ్యి చాపి ఆమె మోకాలు పట్టుకుంది. లేవమన్నట్టో, లేవొద్దన్నట్టో తెలియలేదు. 

అద్దాల గదిలో మేడమ్ లేచి నించుంది. ఆవిడ గళ్ళలో ఒక గడి, ఆ గడిలో ఇంకా చిన్న గడి. అందులో కూడా పిల్ల కొట్టుకుంటూనే ఉండుంటుంది. మేడమ్ అద్దం దాకా వచ్చింది. ఇటే చూస్తోంది. ఆమె చూపూ ఆవిడ చూపూ కలిశాయి. ఒక్క సైగ చేస్తే చాలు, ఒక్క వేలు కదిపితే చాలు అనుకుంది ఆమె. మేడమ్ కళ్ళజోడు సర్దుకుని, వెనక్కి వెళ్ళి కూర్చుంది.

"నీలం కర్టెన్లు ఉన్నాయమ్మా స్టాకులో," అంది ఆమె. "లేత నీలం, ముదురు నీలం. మీకు ఏది కావాలి?"

"లేతదే. నేను రోజంతా ఆ గదిలోనే ఉంటాను. లేతదైతే వెలుతురుంటుంది."

"లేతదే రాస్తున్నాను."

రాసింది. తప్పు లేకుండా రాసింది. చిరునామా మళ్ళీ చదివి వినిపించింది.  బాక్సులో కదలిక తగ్గుతోంది. చెయ్యి ఒక్కటే ఇంకా చిన్నగా అదురుతోంది. తర్వాత అదీ ఆగింది. ఇప్పుడు పిల్ల బొత్తిగా కదలట్లేదు. అన్నిటికన్నా ఇదే భయం. ఊపిరి ఆడుతోందో లేదో చూద్దామంటే ఛాతీ అంతా కలిపి గింజంత కూడా లేదు.

"ఎంత నిదానంగా మాట్లాడతావమ్మా," అంటోంది పెద్దావిడ. "వేరేవాళ్ళు కసురుకుంటారు. ఇంట్లో ఏ చీకూ చింతా లేనివాళ్ళే ఇలా మాట్లాడగలరు. పిల్లలెంతమంది?"

"ఒక్కతే అమ్మా."

"చదువుకుంటోందా?"

"ఇంట్లో ఉండి చదువుకుంటోంది."

"చల్లగా ఉండాలి. కాల్ అయ్యాక ఏదో నొక్కమంటారుగా, మీ గురించి బాగుందనే నొక్కుతాను."

"సంతోషమమ్మా. ఉంటాను."

కాల్ కట్టయింది. బాక్సులో ఒక వేలు కదిలింది. ఆమె మొహం స్క్రీన్‌కి ఆనేంత దగ్గరికి పెట్టింది. పిల్ల చెయ్యి నేల మీద ఆనించి, చాలాసేపటికి లేచి కూర్చుంది. మూతి తుడుచుకుంది. ఎక్కడున్నదీ తెలియనట్టు చుట్టూ చూసింది. తర్వాత వీధి తలుపు వైపు తిరిగి, అలాగే చూస్తూ కూర్చుంది.

అమ్మ తలుపు తోసుకుని వచ్చేస్తుందేమోనని చూస్తోంది. ఆమెకి అర్థమైంది. చెప్పులు విప్పకుండా, ఏడుస్తూ, పోయిన నెలలాగే ఇప్పుడో ఇంకాసేపటికో అమ్మ లోపలికి వస్తుందని పిల్ల బెదురుగా కాచుకుని ఉంది. తలుపు తెరుచుకోలేదు. ఎంతసేపు చూసినా తెరుచుకోలేదు. అప్పుడు అమ్మడు భుజాలు వదులయ్యాయి. హమ్మయ్య అన్నట్టు పరుపు మీద వెనక్కి వాలి, కళ్ళు మూసుకుంది. ఇన్ని నెలల్లో ఆ మొహం అంత తేలిక పడటం ఆమె చూడలేదు.

"వెళ్ళు వదినా," అంటోంది రేడియో, ఏడుపు గొంతుతో. "ఉద్యోగం పోతే పోయింది, వెళ్ళు."

ఆమె కుర్చీ కాళ్ళకి మెలేసిన పాదాలు విప్పలేదు. స్క్రీన్ మీద తర్వాతి కాల్ మోగుతోంది. హెడ్‌సెట్ సర్దుకుని, గొంతు సవరించుకుని, బటన్ నొక్కింది.

"నమస్కారమండీ. చెప్పండి."